నార్త్ కరోలినాలో మన సంస్థ కట్టిన సేల్స్ టాక్స్ వెనక్కి తెచ్చుకోవడం ఎలా

నార్త్ కరోలినాలో తెలుగు సంఘాలకో గుడికో ట్రెజరర్‌గా ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. న్యూజెర్సీ నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ళు మొదట అడిగే మాట ఒకటే, అక్కడ ఎస్‌టీ-5 కాగితం చూపిస్తే షాపువాళ్ళు టాక్సే వేసేవాళ్ళు కాదు, ఇక్కడ ఏం చూపించాలి అని. ఇక్కడ మామూలు సంస్థలకి అలాంటి కాగితం లేదండి. అందరిలాగే ముందు టాక్స్ కట్టేయాలి, తర్వాత ఆరు నెలలకోసారి రాష్ట్ర రెవెన్యూ డిపార్ట్‌మెంట్‌కి ఈ-585 అనే ఫారం పంపి వెనక్కి అడగాలి. అడగకపోతే ఎవరూ గుర్తు చెయ్యరు, ఆ డబ్బు అలా పోతుంది, అది మనవాళ్ళు పదీ ఇరవై డాలర్లు చందా వేసుకుని ఇచ్చిన డబ్బు.

ముందు మీ సంస్థకి అర్హత ఉందో లేదో చూసుకోండి. 501సి3 లెటర్ (లాభాపేక్ష లేని సంస్థ అని ఐఆర్‌ఎస్, అంటే ఫెడరల్ టాక్స్ శాఖ, ఇచ్చే లెటర్) ఉంటే చాలు అనుకుంటారు చాలామంది, కానీ దాంతో పాటు ఎన్‌టీఈఈ కోడ్ కూడా చూస్తారు, అంటే మీ సంస్థ ఏ రకం పని చేస్తుందో చెప్పే కోడ్. కల్చరల్ సంస్థలు 'ఏ' (A) అక్షరంలో, గుళ్ళు 'ఎక్స్' (X) అక్షరంలో ఉంటాయి, వీటికి ఇబ్బంది లేదు. ఎస్ (కమ్యూనిటీ అభివృద్ధి), డబ్ల్యూ (సమాజ ప్రయోజనం), వై (సభ్యుల ప్రయోజనం) గ్రూపుల్లో ఉంటే మాత్రం రిఫండ్ రాదు. ఎప్పుడో పదేళ్ళ కింద ఎవరో అప్లికేషన్ నింపేటప్పుడు పెట్టిన వివరాల వల్ల కల్చరల్ సంఘం కాస్తా ఎస్‌లో పడి ఉండొచ్చు, అందుకే ఫారం మొదలుపెట్టకముందే ఐఆర్‌ఎస్ రికార్డులో మీ కోడ్ ఏముందో చూసుకోండి.

ఇక తేదీలు. జనవరి నుంచి జూన్ దాకా కొన్నవాటికి అక్టోబర్ 15 లోపు, జులై నుంచి డిసెంబర్ దాకా కొన్నవాటికి తర్వాతి ఏడాది ఏప్రిల్ 15 లోపు పంపాలి. అంటే సంక్రాంతి, ఉగాది ఖర్చులు దసరా టైముకి అడుగుతాం, దసరా దీపావళి ఖర్చులు ఉగాది టైముకి అడుగుతాం. చాలా సంఘాల్లో కమిటీ జనవరిలో మారుతుంది కదా, దెబ్బ తగిలేది అక్కడే. దీపావళి బిల్లులన్నీ పాత ట్రెజరర్ కారు డిక్కీలో ఉంటాయి, ఏప్రిల్‌లో ఫారం పంపాల్సింది కొత్త ట్రెజరర్. నేను ట్రెజరర్ అయిన ఏడాది నాకు చేతికొచ్చింది ఒక ప్లాస్టిక్ సంచి, అందులో సగం రసీదుల మీద అక్షరాలే లేవు, తెల్లగా అయిపోయాయి, వేడికి థర్మల్ కాగితం అలాగే అవుతుంది. ఎంత బాధేసిందో చెప్పలేను. అందుకని ప్రోగ్రాం అయిన రాత్రే, ఎంత అలసిపోయినా, ప్రతి రసీదూ ఫోన్లో ఫోటో తీసి గ్రూపులో కాకుండా సంస్థ డ్రైవ్‌లో పెట్టండి. గడువు దాటిపోయినా పూర్తిగా ఆశ వదులుకోవద్దు, గడువు తేదీ నుంచి మూడేళ్ళ దాకా అడగొచ్చు, ఆ తర్వాత మాత్రం ఇంక రాదు.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది బిల్లు విడదీయడంలో. ఒక ఉదాహరణ చెప్తా. కేరీలో ఉగాది భోజనాలకి కేటరింగ్ 4,000 డాలర్లు అనుకోండి, వేక్ కౌంటీలో రెస్టారెంట్ బిల్లు మీద 8.25 శాతం పడుతుంది, అంటే 330 డాలర్లు. అందులో 1 శాతం కౌంటీ వాళ్ళు వండిన భోజనం మీద విడిగా వేసే టాక్స్, అది ఈ రిఫండ్‌లోకి రాదు, కాబట్టి 40 డాలర్లు తీసేయాలి. మిగిలిన 290లో రాష్ట్రానిది 4.75 శాతం, 190 డాలర్లు. కౌంటీది 2 శాతం, 80. ట్రాన్సిట్‌ది (బస్సుల్లాంటి ప్రజా రవాణా కోసం వేసేది) అర శాతం, 20. ఫారంలో వీటిని ఇలా విడివిడిగానే రాయాలి, 330 మొత్తం అడిగితే కుదరదు.

కిరాణా బిల్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. బియ్యం బస్తాలు, కందిపప్పు, కూరగాయల మీద 2 శాతమే పడుతుంది, అదే బిల్లులో పేపర్ ప్లేట్లు, కూల్‌డ్రింకులు ఉంటే వాటికి పూర్తి రేటు. ఎక్సెల్‌లో రెండు కాలమ్స్ పెట్టుకుంటే సరిపోతుంది. ఇక్కడ కౌంటీ కూడా ముఖ్యం, వేక్ కౌంటీ మోరిస్‌విల్‌లో ఒక షాపు, డరమ్‌లో ఇంకో షాపు తిరిగి కొంటాం కదా, వేక్‌లో మొత్తం 7.25 శాతం, డరమ్ కౌంటీలో 7.5. ఒకటి కంటే ఎక్కువ కౌంటీల్లో కడితే ఈ-536ఆర్ అనే షెడ్యూల్ కూడా జత చేసి ఏ కౌంటీకి ఎంతో చూపించాలి. డెలివరీ తెప్పించుకుంటే సరుకు దిగిన కౌంటీ లెక్క.

హాల్ కరెంటు బిల్లు, ఫోన్ బిల్లు, గ్యాస్ బిల్లు మీద కట్టిన టాక్స్ వెనక్కి రాదు, అవి పక్కన పెట్టేయండి. అతిథి కళాకారులకి హోటల్ రూములు బుక్ చేస్తే సేల్స్ టాక్స్ వెనక్కి వస్తుంది గానీ ఆక్యుపెన్సీ టాక్స్ (రూము అద్దె మీద విడిగా వేసే లోకల్ టాక్స్) రాదు.

వాలంటీర్లు సొంత కార్డుతో కొనే విషయం అందరూ అడుగుతారు. సంస్థ తరఫున కొనడానికి అనుమతి ఉన్న మనిషి కొని, సంస్థ ఆ డబ్బు వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తే, సంస్థే నేరుగా కొన్నట్టు లెక్క, చట్టంలోనే ఉంది. కానీ "పర్లేదులెండి, రెండొందలే కదా, నాకేం ఇవ్వొద్దు" అని మొహమాటపడే అన్నయ్యలు, వదినలు ఉంటారు చూడండి, అప్పుడు సంస్థ కట్టింది ఏమీ లేదు కాబట్టి రిఫండ్ అడగలేం. వాళ్ళకి చెక్కు ఇచ్చేయండి, వాళ్ళకి ఇష్టమైతే అంత మొత్తం విరాళంగా రాసిస్తారు, రెండూ కాగితం మీద ఉంటాయి. ఇంటికి కొన్న కాకరకాయలూ గుడికి కొన్న కొబ్బరికాయలూ ఒకే బిల్లులో వేయించొద్దని మాత్రం ముందే చెప్పండి.

గుడికి కొత్త వంటగదో హాలో కడుతుంటే పెద్ద మొత్తం అక్కడే ఉంటుంది. కాంట్రాక్టర్ కొన్న సిమెంటు, కలప, టైల్స్ లాంటివి బిల్డింగ్‌లో భాగమైపోతాయి కాబట్టి వాటి మీద ఆయన కట్టిన టాక్స్ కూడా మీరు అడగొచ్చు. దానికి ఆయన దగ్గర, ఆయన కింద పనిచేసిన సబ్ కాంట్రాక్టర్ల దగ్గర కూడా సంతకం పెట్టిన స్టేట్‌మెంట్ తీసుకోవాలి, ఏ తేదీన, ఎవరి దగ్గర, ఏ ఇన్వాయిస్ మీద, ఏం కొన్నారు, ఏ కౌంటీలో ఎంత టాక్స్ అన్నది అందులో ఉండాలి. వాళ్ళ పనిముట్లు, అద్దెకు తెచ్చుకున్న మిషన్లు ఇందులోకి రావు. ఈ స్టేట్‌మెంట్ ఇస్తామని కాంట్రాక్టులోనే రాయించండి, చివరి పేమెంట్ చేతికందాక ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు.