కర్నూలులో తుంగభద్ర ఒడ్డుకు పిల్లలతో వెళ్తున్నారా?

వానాకాలంలో సాయంత్రాలు సంకల్‌బాగ్ వైపు నది ఒడ్డుకు పోయేవాళ్లు ఇవి చూసుకోండి.

అన్నిటికంటే ముందు నీళ్లు. ఊళ్లో చినుకు పడకపోయినా పైన సుంకేసుల బ్యారేజీ గేట్లు ఎత్తితే ఇక్కడ నది పెరుగుతుంది, కాబట్టి ఆ రోజు నీళ్లు వదులుతున్నారో లేదో కనుక్కోకుండా పిల్లల్ని మెట్లు దిగనివ్వొద్దు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి పొంగితే ఊరే మునిగింది, నదిని తేలిగ్గా తీసుకోవద్దు.

ఘాట్ మెట్లకు పాచి పడుతుంది. రబ్బరు చెప్పులు జారతాయి, పట్టున్నవి వేసుకోండి.

కొండారెడ్డి బురుజు కూడా చూడాలంటే ముందు అదే కానివ్వండి, పాత కోట మెట్లు వెలుతురుండగానే ఎక్కి దిగాలి, ఆ తర్వాత నింపాదిగా ఒడ్డుకు రావచ్చు.

ముసలివాళ్లుంటే ఆటో మాట్లాడుకోండి, పాతబస్తీ సందుల్లో కారు తిప్పుకోవడం కష్టం.