పెరట్లో తుంగ – 3వ పాఠం: కత్తెర ఎక్కడ పెట్టాలి

పోయిన పాఠంలో కాడను వేళ్ల మధ్య దొర్లించి చూడమన్నాను. కాడ కొసన గొడుగులా విచ్చుకునే ఆకులకు కాస్త కింద తడిమితే మూడు పలకలు చేతికి తెలుస్తాయి. కణుపులు ఉండవు. అది తుంగ జాతి. గుండ్రంగా, కణుపు కణుపుగా ఉంటే గడ్డి, దాని సంగతి మనకు వద్దు.

బంగారు చారల ఎవర్‌గోల్డ్ అనే తుంగ ఫొటోలు చూసి మనసు పారేసుకునేవాళ్లకు ఒక మాట. అది తుంగల్లోనే కేరెక్స్ అనే రకం, పుట్టిల్లు జపాన్. చల్లటి చోటే దానికి హాయి. రోహిణి కార్తెలో 45 డిగ్రీలు తాకే బెజవాడలో దాని మీద పెట్టే డబ్బు దండగని నా అభిప్రాయం. మనకు గొడుగు తుంగ చాలు. నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అని అడిగితే ఇస్తారు. మడగాస్కర్, ఆఫ్రికా తడి నేలల మొక్క కాబట్టి కాళ్ల కింద నీళ్లుంటే మన ఎండకు జడవదు. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ ఉన్న తూర్పు వైపు పెట్టండి.

ఇక కత్తిరింపు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందంటే ప్రతి కాడా కలకాలం ఉంటుందని కాదు. ఒకటి పండుతుంటే పక్కన ఇంకొకటి లేస్తుంది. అందుకే లాన్‌లాగా పైపైన కోయకూడదు. కోసిన కాడ మళ్లీ పెరగదు, కొత్తవి కింద దుంప నుంచే రావాలి. దుబ్బును చేత్తో విడదీసి, పసుపు తిరిగినవాటిని మాత్రం మట్టికి దగ్గరగా తెగ్గొట్టండి. ఈ పని పదిహేను రోజులకోసారి, పాత కాడలు కనబడ్డప్పుడే.

పచ్చటి కాడకే కొసలు మాడితే? మట్టి ఒకసారి ఎండిపోయి ఉంటుంది, లేదా వడగాలి కొట్టి ఉంటుంది, లేదా నీళ్లలో ఉప్పు. కుండీ అంచున తెల్లటి పొర కడితే మూడోదే. బోరు నీళ్లు ఉప్పగా ఉండే పేటల్లో వాననీరు పట్టి, అడుగు నుంచి బయటికి కారేదాకా పోయండి.

కోసిన వాటిలో పచ్చటి గొడుగు ఒకటి రెండు ఉంటే పారేయకండి. రెండంగుళాల కాడ ఉంచి, ఆకుల్ని సగానికి కత్తిరించి, నీళ్ల బేసిన్‌లో తలకిందులుగా తేలనివ్వండి. నీడలో పెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. కొన్ని వారాల్లో ఆకులన్నీ కలిసేచోట తెల్లటి వేళ్లు, వాటి మధ్య పిలకలు కనిపిస్తాయి. అప్పుడు ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన తడి కుండీలో నాటేయండి. విత్తనాల జోలికి పోవాల్సిన పనే లేదు.

కుండీ కింద పళ్లెంలో నీళ్లు ఉంచేవాళ్లు దోమల సంగతి మరవకండి. శుక్రవారం డ్రై డే (నిల్వ నీళ్లన్నీ పారబోసే రోజు) పాటించే ఇళ్లయితే ఆ రోజే పళ్లేన్ని పారబోసి, లోపల తోమి మళ్లీ నింపండి. పెద్ద తొట్టయితే నాలుగు గప్పీ చేపలు వేస్తే సరి.

వచ్చే పాఠం తొలకరికి దుబ్బు విడదీయడం. ఈలోగా బేసిన్ పెట్టి ఉంచండి. మిగిలిన దుంప ముక్కల్ని మాత్రం ఏలూరు కాలువలోనో బందరు కాలువలోనో పడేయకండి, పాతుకుంటే పీకడం మన తరం కాదు. బాగా ఎండబెట్టాకే చెత్తలో వేయండి.