అసలు మాట పోయి తలుపు మీద లొల్లి: సమస్య – పరిష్కారం

లక్షణం

ఊరికి ఆర్‌ఓ వాటర్ ప్లాంటు కావాలని గ్రామసభ పెట్టారు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, మెంబ్రేన్ (నీళ్లు వడకట్టే పొర) పాడైతే పైసలెక్కడివి అన్న మాటలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. షెడ్డుకు ఏ రంగు, తలుపు ఏ దిక్కు, బోర్డు మీద ఎవరి పేరు ముందు అని గంటన్నర లొల్లి. చీకటి పడింది, సభ వాయిదా.

ముందు చూడాల్సింది

అసలు విషయం జనానికి అందేటట్టు చెప్పారా? ఎన్నిసార్లు చెప్పినా దీన్నే వదిలేస్తారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి దిక్కు ఫ్లోరైడ్ అంటే ఏమిటో ఎవరికీ వివరించక్కర్లేదు. కానీ ‘ఫ్లోరైడ్ 3’ అని రిపోర్టు చదివేసి కూర్చుంటే, ఆ మూడు ఎక్కువో తక్కువో ఎట్లా తెలుస్తుంది? లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, మన బోరులో దానికి రెట్టింపు ఉంది అని చెప్పండి. లెక్కను క్యాన్లలోకి మార్చండి: ఇంటికి రోజుకో 20 లీటర్ల క్యాన్, 300 ఇండ్లు, అంటే 6000 లీటర్లు. గంటకు 1000 లీటర్లిచ్చే ప్లాంటు రోజూ 6 గంటలు నడవాలి. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారో అప్పుడు అడగండి, మాట అటే పోతుంది.

అర్థం కాని దాని మీద నలుగురిలో నోరు విప్పడానికి ఎవరైనా వెనకాడతారు. రంగు గురించైతే అందరికీ తెలుసు. బ్రిటన్‌కు చెందిన రచయిత పార్కిన్సన్ 1950లలోనే ఊహించి రాసిన కమిటీలో కోటి పౌండ్ల అణు రియాక్టరుకు రెండున్నర నిమిషాలు పట్టింది, 350 పౌండ్ల సైకిల్ షెడ్డుకు 45 నిమిషాలు.

అందరినీ దెబ్బతీసే కారణం

విషయం బాగానే చెప్పారు, అందరికీ అర్థమైంది. అయినా ఒకాయన వదలడు: ‘‘గీ తలుపు గిటు పెట్టిన్రేంది?’’ ఇక్కడే పొరపాటు పడతారు. ‘‘అన్నా, చిన్న మాటకు ఆపొద్దు’’ అని కూర్చోబెడతారు. లేదంటే తలుపు మార్చేసి అయిపోయిందనుకుంటారు. తెల్లారి ఆయనే షెడ్డు ఎత్తు మీద మొదలుపెడతాడు.

గుర్తు అదే. అడిగింది ఇచ్చాక మాట ఆగితే అది నిజంగా తలుపు బాధే. ఇంకొకటి లేస్తే తలుపు కింద వేరేది దాగి ఉన్నట్టు.

ఆ ప్లాంటునే చూడండి. సగం నీళ్లు మంచివిగా వస్తే మిగతా సగం బయటికి పోతాయి. 6000 లీటర్లు తయారైతే రోజూ ఇంకో 6000 మోరీలోకి. ఫ్లోరైడ్ దాదాపు అంతా వాటిలోనే ఉంటుంది కాబట్టి 3 ఉన్నది 6 దగ్గరికి పోతుంది. తలుపు ఉన్న వైపే పైపు, పైపు చివర ఆయన వాకిలి. పదిమంది తాగే నీళ్లకు అడ్డం పడ్డాడంటారని అసలు మాట చెప్పలేదు.

‘‘ఎందుకు వద్దంటున్నవ్?’’ అని సభలో అడగొద్దు, బిగుసుకుపోతారు. ‘‘తలుపు అటు తిప్పితే నీకు ఏం సరి అయితది అన్నా?’’ అని విడిగా, జాగా దగ్గరికి తీసుకుపోయి అడగండి. జవాబు వేలితో చూపిస్తారు. మినిట్స్‌లో ‘తలుపు మీద అభ్యంతరం’ అని కాకుండా ‘వదిలే నీళ్లకు దారి లేదు’ అని రాయండి. ఆ నీళ్లను తొట్టిలో పట్టి మరుగుదొడ్లకు, నేల కడగడానికి వాడండి. పశువులు తాగే తొట్టికి, బోరు పక్కనున్న ఇంకుడు గుంతకు మాత్రం పంపొద్దు. దారి ఖరారయ్యాకే తీర్మానం పెట్టండి.

మిగతావి

కావాలని సభ చెడగొట్టేవాళ్లు తక్కువ, వాళ్ల కోసం పద్ధతి మార్చక్కర్లేదు. సర్వే నంబరులో ఒక అంకె తప్పని ఎవరైనా అంటే మాత్రం అది చిన్న మాట కాదు. సభ ఆపి, పహాణీతో (భూమి రికార్డు) సరిచూసి, అక్కడే దిద్దండి.