టెక్ట్రానిక్స్ 465 ఆసిలోస్కోప్‌ను ఇంట్లో మళ్లీ పనికి తేవడం

1972లో వచ్చిన టెక్ట్రానిక్స్ 465 రెండు చానెళ్ల, 100 మెగాహెర్ట్జ్ అనలాగ్ ఆసిలోస్కోప్, అంటే మారే వోల్టేజీని తెర మీద గీతగా చూపే పరికరం. సర్క్యూట్లతో సహా దీని సర్వీస్ మాన్యువల్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ముందు దాన్ని దింపుకుని పవర్ సప్లై సర్క్యూట్ ఉన్న పేజీని ప్రింటు తీసుకోండి. 465బి పేరు దగ్గరగా ఉన్నా లోపల సర్క్యూట్ వేరు, దాని మాన్యువల్ దీనికి పనికిరాదు.

అమెరికా నుంచి వచ్చిన సెట్ అయితే వెనక ఉన్న వోల్టేజ్ స్విచ్ దాదాపు ఎప్పుడూ 115లో ఉంటుంది. అలాగే మన 230 ప్లగ్గులో పెడితే తిరిగి లేవదు. స్విచ్‌ను 230కి మార్చండి, పక్కనున్న రేంజ్ సెలెక్టర్‌ను మీ ఇంటి కరెంటుకు తగ్గట్టు పెట్టండి, ఫ్యూజు కూడా మాన్యువల్‌లో 230కి చెప్పిన విలువదే వేయండి. 115కి వేసే ఫ్యూజు దానికి రెట్టింపు కరెంటు దాకా ఆగుతుంది కాబట్టి అది కాపాడదు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి వాడే అలవాటుంటే మానుకోండి. ప్రోబ్ (కొలిచే తీగ) గ్రౌండ్ క్లిప్పు, ఛాసిస్ (లోహపు చట్రం), ఎర్త్ మూడూ లోపల ఒక్కటే. ఎర్త్ తీసేసి ఇంటి మెయిన్ లైనుకు తగిలి ఉన్న సర్క్యూట్‌ను కొలిస్తే స్కోప్ ఒళ్లంతా కరెంటే.

మూత తీయాలంటే ముఖం కిందికి పెట్టి, వెనక కాళ్ల స్క్రూలు విప్పి, కవరును పైకి లాగండి. పిక్చర్ ట్యూబుకు మొత్తం 18 కిలోవోల్టుల యాక్సిలరేషన్ ఉంటుంది, క్యాథోడ్ దగ్గరే మైనస్ 2,450 వోల్టులు. హై వోల్టేజ్ డబ్బా మూత తీయాల్సిన పని చాలామందికి రాదు, దాన్ని అలాగే ఉంచేయండి. ఆన్‌లో ఉండగా లోపల కొలిచేటప్పుడు ఒక చేయి జేబులో పెట్టుకోండి.

ప్లగ్గు పెట్టక ముందే మల్టీమీటర్‌తో సప్లై లైన్లను గ్రౌండుకు ఓమ్స్‌లో కొలవండి. ఐదు లైన్లుంటాయి: మైనస్ 8, ప్లస్ 5, 15, 55, 110 వోల్టులు. ఏ లైనైనా ఒకటి రెండు ఓమ్‌లు చూపిస్తే షార్ట్ ఉన్నట్టే. ఈ స్కోపులో షార్టుకు మొదటి అనుమానితుడు బోర్డుల మీద చెదురుగా ఉన్న టాంటలం కెపాసిటర్. ఏళ్లుగా మూల పడి ఉండి ఒక్కసారిగా వోల్టేజీ పడితే అది లోపల షార్టవుతుంది.

షార్టయినదాన్ని పట్టుకోవడానికి ఒక్కొక్కటీ ఊడబీకొద్దు. కరెంట్ లిమిట్ ఉన్న బెంచ్ సప్లైని (వోల్టేజీ, కరెంటు మనమే పెట్టుకునే సప్లై) అర వోల్టుకు, ఒక యాంపియర్‌కు కుదించి ఆ లైనులోకి ఇవ్వండి. మైనస్ లైనుకు కొనలు తిప్పి ఇవ్వాలి. ఇప్పుడు మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి బోర్డు వెంట లైను పొడవునా కొలుచుకుంటూ వెళ్లండి. కరెంటు పారే దారిలో వోల్టేజీ తగ్గుతూ పోతుంది, పూర్తిగా అడుగంటిన చోటే దోషి. దాని స్థానంలో అదే మైక్రోఫారడ్, రెట్టింపు వోల్టేజీ ఉన్నది వేయండి. 15 వోల్టుల లైనులో 35 వోల్టులది నిశ్చింత. ప్లస్, మైనస్ కాళ్లు తిరగేస్తే కొత్త టాంటలం కూడా పేలుతుంది.

తర్వాత సిరీస్ బోర్డు, అంటే స్కోపుకు వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా పోయేలా చేసిన బోర్డు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ ఇక్కడ దండగ. ఆన్ చేయగానే బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి మళ్లీ షార్టు వెతకండి. అయితే బల్బు ఉండగా సప్లై కొలతలు నమ్మొద్దు. సగం వోల్టేజీ బల్బే తింటుంది కాబట్టి రెగ్యులేటర్లు (వోల్టేజీని నిలకడగా ఉంచే భాగాలు) సరిగ్గా నిలవవు. ఫర్వాలేదనిపించాక బల్బు తీసి, డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) ఉంటే దాంతో మెల్లగా 230కి పెంచి, అప్పుడు కొలవండి.

ముందు 55 వోల్టుల లైను చూడాలి, మిగతావన్నీ దాన్నే ఆధారం చేసుకుంటాయి. 55 తప్పితే మిగతావి కొలిచి లాభం లేదు. అది మాన్యువల్ పరిధిలో ఉంటే దాని ప్రీసెట్ (సర్దుబాటు స్క్రూ) జోలికి పోవద్దు. కాస్త తిప్పినా కాలిబ్రేషన్ మొత్తం కదులుతుంది. ఒక లైను తక్కువగా ఉండి షార్టు లేకపోతే, రెగ్యులేటర్‌కు ముందున్న వోల్టేజీని ఏసీ రేంజిలో కొలవండి. అక్కడ 100 హెర్ట్జ్ రిపుల్ (డీసీ మీద మిగిలిపోయిన అలలు) వోల్టుల్లో ఉంటే పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ డబ్బా ఎండిపోయింది. ఈ డబ్బాల చుట్టూ ఉన్న గ్రౌండు కాళ్లు బోర్డులో ఒక వైపు గ్రౌండును మరో వైపుకు కలుపుతాయి. రెండు కాళ్ల కొత్త కెపాసిటర్ పెట్టి ఆ జంపర్లు మరిచిపోతే కొత్త రోగం తెచ్చుకున్నట్టే. 105 డిగ్రీల రేటింగ్ ఉన్నవే కొనండి, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఉన్నవన్నీ మార్చేయడం మాత్రం నాకు నచ్చదు. బాగున్నదాన్ని తీస్తూ ప్యాడు లేపేయడమే ఎక్కువ జరుగుతుంది.

లైన్లన్నీ సరిగ్గా ఉండి తెర మీద గీత రాకపోతే ట్రిగ్గర్ (గీత ఎప్పుడు మొదలవాలో చెప్పే స్విచ్) ఆటోలో ఉందో లేదో చూడండి. నార్మల్‌లోనో సింగిల్ స్వీప్‌లోనో ఉన్న స్కోపును చచ్చిందని తక్కువకు అమ్మేస్తుంటారు, అదీ ఒక అదృష్టమే. బీమ్ ఫైండ్ నొక్కితే గీత ఎటువైపు దాక్కుందో తెలుస్తుంది.

వోల్ట్స్ నాబ్ తిప్పినప్పుడు గీత ఎగిరితే, మాయమైతే, లోపల బంగారు పూతల స్విచ్ కాంటాక్టులు మసకబారాయి. సముద్రం ఒడ్డున వాడిన సెట్లలో ఇది మరీ ఎక్కువ. స్ప్రే డబ్బా కొట్టొద్దు, ఆ ద్రావణం ప్లాస్టిక్‌ను తినే ప్రమాదం ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పలచని విజిటింగ్ కార్డు ముక్కను కాంటాక్టు కింద పెట్టి మెల్లగా లాగండి. స్ప్రింగు వంగిందంటే దాన్ని మళ్లీ మునుపటిలా చేయడం కష్టం.

చివరికి కొలతలు. ముందున్న కాలిబ్రేటర్ 0.3 వోల్టుల చదరపు తరంగం ఇస్తుంది, 50 మిల్లీవోల్టుల స్కేలులో ఆరు గళ్లు రావాలి. దాని ఫ్రీక్వెన్సీ మాత్రం సుమారు 1 కిలోహెర్ట్జే కాబట్టి టైమ్‌బేస్‌కు (అడ్డంగా కాలం కొలిచే స్కేలుకు) దాన్ని ప్రమాణంగా పట్టొద్దు. 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని కొలవండి. మన గ్రిడ్ 50 హెర్ట్జ్‌కు చాలా దగ్గరగా ఉంటుంది, 5 మిల్లీసెకన్ల స్కేలులో ఒక సైకిల్ నాలుగు గళ్లు పట్టాలి. వేగమైన స్కేళ్లకు 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటర్ డబ్బా చాలు. ప్రోబ్ ట్రిమ్మర్‌ను (ప్రోబ్ మీది చిన్న సర్దుబాటు స్క్రూను) చదరపు తరంగం మూలలు కుంగకుండా, ఎగదన్నకుండా తిప్పి పెట్టండి.