ఎఫ్‌ఎంజీఈ బయోకెమిస్ట్రీ, మూడో పాఠం: బి విటమిన్లు, ఆగిపోయిన చర్యలు

విదేశాల్లో డాక్టర్ చదువు చదివినవాళ్లు ఇక్కడ ప్రాక్టీస్ చేయడానికి రాసే పరీక్షే ఎఫ్‌ఎంజీఈ. దాని కోసం పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. పైరువేట్ నుంచి ఎసిటైల్ కోఎ తయారయ్యే చోట ఎంజైమ్ పనికి తోడుగా నిలిచే ఏయే కోఎంజైమ్‌లు కావాలి, వాటిలో విటమిన్ల నుంచి వచ్చేవి ఏవి? మొత్తం ఐదు. థయమిన్ పైరోఫాస్ఫేట్ బి1 నుంచి, ఎఫ్‌ఏడీ బి2 నుంచి, ఎన్‌ఏడీ బి3 నుంచి, కోఎంజైమ్ ఎ బి5 నుంచి వస్తాయి. ఐదోది లైపోయిక్ ఆమ్లం, అది విటమిన్ కాదు. క్రెబ్స్ సైకిల్‌లోని ఆల్ఫా కీటోగ్లూటరేట్ డీహైడ్రోజినేజ్‌కి కూడా ఇవే ఐదూ కావాలి. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్‌ల దారిలో ఉండే బ్రాంచ్‌డ్ చెయిన్ కీటో యాసిడ్ డీహైడ్రోజినేజ్‌కీ అంతే. ఈ మూడోది పుట్టుకతోనే పనిచేయని పిల్లలకు వచ్చేదే మేపుల్ సిరప్ యూరిన్ డిసీజ్. ఒక జాబితా గుర్తుంటే మూడు ప్రశ్నలకు పనికొస్తుంది.

జార్జియా, కిర్గిజ్‌స్తాన్, ఫిలిప్పీన్స్ లాంటి చోట్ల చదివి వచ్చినవాళ్లలో చాలామంది బయోకెమిస్ట్రీ పుస్తకం తెరిచి ఏళ్లయి ఉంటుంది. అందుకే దీన్ని చివరికి తోసేస్తారు. 300 ప్రశ్నల్లో దీనికి 17 మార్కులు ఉన్నాయి. పాసవడానికి 150 కావాలి, నెగెటివ్ మార్కులు లేవు. విటమిన్లు తెలిస్తే మెడిసిన్, పీడియాట్రిక్స్, ఫార్మకాలజీ ప్రశ్నల్లో కూడా లాభం ఉంటుంది కాబట్టి ఈ 17ని తక్కువగా చూడకండి.

విటమిన్ పేరు, జబ్బు పేరు జంటగా బట్టీ పడితే పరీక్ష హాల్లో టెన్షన్‌కి అవి తారుమారవుతాయి. అందుకే ప్రతి విటమిన్ దగ్గరా ఒకటే అడగండి: ఇది లేకపోతే ఏ చర్య ఆగుతుంది? కాలువకు అడ్డుకట్ట పడితే పైన నీళ్లు నిలుస్తాయి, కింద పొలం ఎండుతుంది. ఎంజైమ్ ఆగినా అంతే. దానికి ముందున్న పదార్థం పేరుకుపోతుంది, తర్వాత రావాల్సింది రాదు. లక్షణాలు, ల్యాబ్ రిపోర్టు ఈ రెండింటి నుంచే పుడతాయి.

బి1తో మొదలుపెడదాం. థయమిన్ లేకపోతే పైరువేట్ ముందుకు కదలదు, లాక్టేట్‌గా మారి పేరుకుంటుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీ తగ్గుతుంది. నిరంతరం శక్తి కావాల్సిన గుండె, నరాలు, మెదడు ముందు దెబ్బతింటాయి. గుండె దెబ్బతిని ఒళ్లు నీరు పడితే వెట్ బెరిబెరి, నరాలు దెబ్బతింటే డ్రై బెరిబెరి. అయోమయం, కళ్లు సరిగ్గా కదలకపోవడం, నడకలో తూలడం కలిసి వస్తే వెర్నికీ ఎన్సెఫలోపతి. మద్యం ఎక్కువగా తాగేవారిలో ఇది కనిపిస్తుంది. మెదడు అడుగున ఉండే మామిల్లరీ బాడీలు దెబ్బతిన్నాయేమో చూడమంటారు. ఇలాంటి రోగికి ముందు గ్లూకోజ్ ఎక్కిస్తే ఏమవుతుంది? ఉన్న కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోయి పరిస్థితి విషమిస్తుంది. అందుకే పరీక్షలో జవాబు "ముందు థయమిన్". అయితే వార్డులో షుగర్ బాగా పడిపోయిన రోగి ఉంటే గ్లూకోజ్ ఆలస్యం చేయకూడదు, థయమిన్ దానితో పాటే ఇవ్వాలి. లోపాన్ని కనిపెట్టే పరీక్ష ఎర్ర రక్తకణాల్లోని ట్రాన్స్‌కీటోలేజ్. హెచ్‌ఎంపీ షంట్‌లో ఉండే ఈ ఎంజైమ్‌కీ థయమినే ఆధారం.

బెరిబెరి మనకు దూరపు జబ్బేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో ఉత్తర సర్కారు జిల్లాల్లో అది కనిపించేది. అక్కడ తినేది మర పట్టిన పచ్చి బియ్యం. తవుడుతో పాటే థయమిన్ పోయేది. ధాన్యాన్ని ఉడికించి ఎండబెట్టి ఆడిస్తే థయమిన్ గింజ లోపలికి దిగుతుంది కాబట్టి ఉప్పుడు బియ్యంలో అది మిగులుతుంది. పార్‌బాయిలింగ్ మీద ప్రశ్న వస్తే ఉప్పుడు బియ్యం గుర్తుచేసుకోండి.

బి2కి పెదవి మూలల పగుళ్లు, నాలుక వాపు, కార్నియాలోకి రక్తనాళాలు పాకడం. బి5 లోపం మామూలుగా కనిపించదు. ఈ రెండింటి మీద ఇంతకు మించి సమయం పెట్టకండి.

నయసిన్, అంటే బి3 దగ్గర మాత్రం ఆగి చదవాలి. నయసిన్ తిండి నుంచి నేరుగా వస్తుంది, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి శరీరం తయారూ చేసుకుంటుంది. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కి 1 మిల్లీగ్రాము నయసిన్. ఆ తయారీకి బి6 కావాలి. ఈ దారిని కాగితం మీద గీసి, అది ఎక్కడెక్కడ తెగగలదో గుర్తులు పెట్టండి. మొక్కజొన్నే ప్రధాన ఆహారమైతే అందులో నయసిన్ బంధించి ఉండి శరీరానికి అందదు, ట్రిప్టోఫాన్ కూడా తక్కువ. హార్ట్‌నప్ జబ్బులో పేగు, కిడ్నీ ట్రిప్టోఫాన్‌ని లోపలికి తీసుకోలేవు. కార్సినాయిడ్ ట్యూమర్ దాన్ని సెరటోనిన్ తయారీకి మళ్లించేస్తుంది. టీబీకి వాడే ఐసోనియజిడ్ బి6ని పనికిరాకుండా చేస్తుంది. కారణాలు వేరైనా చివరికి తేలేది ఒకటే: పెల్లాగ్రా. విరేచనాలు, ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, మతి తప్పడం. మెడ చుట్టూ హారంలా వచ్చే మచ్చను కాసల్ నెక్లెస్ అంటారు.

ఇంకో కారణం మన నేలదే. తెలంగాణలో జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. జొన్నలో మొక్కజొన్నలా ట్రిప్టోఫాన్ కొరత లేదు, మరి జబ్బు ఎందుకు? కూనూరు నుంచి 1958లో హైదరాబాద్‌కి తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అక్కడ పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో ఒక జవాబు ప్రతిపాదించారు: జొన్నలో ల్యూసిన్ ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ నుంచి నయసిన్ తయారయ్యే దారిని చెడగొడుతుంది. దీని మీద తర్వాత భిన్నాభిప్రాయాలు వచ్చాయి. పరీక్షలో మాత్రం "జొన్న తినేవారిలో పెల్లాగ్రాకు కారణం" అంటే ల్యూసిన్ అనే గుర్తుపెట్టండి. హైదరాబాద్‌లో జరిగిన ఈ పని ప్రపంచమంతా చదివే పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

బి6ని ఇందాకే తాకాం. అమైనో ఆమ్లాల మీద జరిగే పనులు చాలావాటికి అదే కోఎంజైమ్. గ్లూటమేట్ నుంచి మెదడును శాంతపరిచే గాబా రావడానికి అది కావాలి, లేకపోతే ఫిట్స్. హీమ్ తయారీలో మొదటి మెట్టు ఏఎల్ఏ సింథేజ్‌కి అది కావాలి, లేకపోతే ఇనుము ఉన్నా వాడుకోలేని రక్తహీనత, అంటే సిడరోబ్లాస్టిక్ అనీమియా. టీబీ మందులతో పాటు పైరిడాక్సిన్ (బి6) మాత్ర రాసేది అరికాళ్ల మంటలు రాకుండా ఉండడానికే.

ఇక ఫోలేట్ (బి9), బి12 జంట. బి12 మన శరీరంలో చేసేవి రెండే చర్యలు: హోమోసిస్టీన్‌ని మిథియోనిన్‌గా మార్చడం, మిథైల్‌మలోనైల్ కోఎని సక్సినైల్ కోఎగా మార్చడం. మొదటి దానిలో ఫోలేట్‌కి కూడా చోటుంది, రెండో దానిలో లేదు. కాబట్టి రెండు లోపాల్లోనూ హోమోసిస్టీన్ పెరుగుతుంది, మిథైల్‌మలోనిక్ ఆమ్లం బి12 లోపంలోనే పెరుగుతుంది. బి12 లేకపోతే ఫోలేట్ మిథైల్ రూపంలో ఇరుక్కుపోతుంది. దీన్నే ఫోలేట్ ట్రాప్ అంటారు. అలాంటి రోగికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే డీఎన్ఏ తయారీ సాగి రక్తం మెరుగుపడుతుంది, వెన్నుపాము దెబ్బతినడం మాత్రం ఆగదు. రిపోర్టు బాగుందని డాక్టర్ నిశ్చింతగా ఉంటే రోగి నడక పోగొట్టుకుంటాడు. ఈ పాఠంలో ఒక్క వాక్యమే మిగలాలంటే ఇది మిగలనివ్వండి, ఎందుకంటే దీని అవసరం పరీక్షతో తీరిపోదు.

ఫోలేట్ కథలో భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరుగుడుగా పనిచేసే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో మెథోట్రెక్సేట్, ఫోలేట్‌ని పనికొచ్చే రూపానికి తెచ్చే డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్‌ని ఆపుతుంది. దాని విషప్రభావానికి ల్యూకోవోరిన్ ఇస్తారు, ఎందుకంటే అది ఆ ఎంజైమ్ అవసరం లేకుండానే పనిచేస్తుంది. ఇది ఫార్మకాలజీలో మార్కు.

ఇప్పుడు మీ వంతు. పుస్తకం మూసి, ప్రతిదానికీ ఆగిన చర్య ముందు రాసి, ఆ తర్వాతే జవాబు రాయండి.

ఒకటి: టీబీ మందులు వాడుతున్న, సరైన తిండి లేని 45 ఏళ్ల వ్యక్తికి మెడ మీద నల్లని పొలుసులు, విరేచనాలు. ఏ విటమిన్ తగ్గింది, దానికి ముందు ఏది తగ్గింది?

రెండు: పాలు కూడా తాగని శాకాహారి మహిళకు ఫోలిక్ ఆమ్లం మాత్రలతో హిమోగ్లోబిన్ పెరిగింది, కాళ్ల తిమ్మిర్లు మాత్రం పెరుగుతున్నాయి. రక్తంలో ఏ పదార్థం ఎక్కువగా కనిపిస్తుంది?

మూడు: రోజూ పచ్చి గుడ్లు తాగే కుర్రాడికి జుట్టు రాలుతోంది. ఏ రకం ఎంజైమ్‌లు ఆగాయి? ఈ విటమిన్ గురించి నేను కావాలనే చెప్పలేదు, వెతికి రాయండి.

జవాబులు నాలుగో పాఠంలో చూద్దాం. అందులో విటమిన్ ఎ, డి, ఇ, కె ఉంటాయి. వచ్చే ముందు పైత్యరసం కొవ్వును ఎలా కరిగిస్తుందో ఒకసారి తిరగేయండి.