విదేశంలో ఉద్యోగమా? పాస్‌పోర్టు ఏజెంట్ చేతిలో పెట్టే ముందు...

డిగ్రీ ఫలితాలు వచ్చాయంటే చాలు, టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాలో ఆఫర్లు మొదలవుతాయి. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ, నెలకు ఎనభై వేలు, రూమూ భోజనమూ కంపెనీదే, ఇంటర్వ్యూ పది నిమిషాలు. నమ్మి బ్యాంకాక్‌లో దిగినవాళ్లను కారెక్కించి మే సాట్ దాకా తీసుకెళ్తారు, మోయి నది దాటించి మయన్మార్‌లోని మ్యావడీకి చేరుస్తారు. అక్కడ చేయించే పని ఆన్‌లైన్‌లో జనాన్ని ముంచడం. చేయనంటే దెబ్బలు. 2025 మార్చిలో మన ప్రభుత్వం వాయుసేన విమానాల్లో 549 మందిని వెనక్కి తెచ్చింది. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

గల్ఫ్ మోసం ఇంతకంటే పాతది. డ్రైవర్ పని అని పంపుతారు, ఎడారిలో గొర్రెలు కాయిస్తారు. ఇలాంటివి చాలాసార్లు వీసా కాగితంలోనే దొరికిపోతాయి, చదివించుకునే ఓపిక ఉంటే. సౌదీ వీసాలో వృత్తి దగ్గర ఏముందో చూడండి. 'సాయిక్ ఖాస్' అంటే ఇంటి డ్రైవర్, 'రాయి గనం' అంటే గొర్రెల కాపరి. కువైట్‌లో 18వ నంబర్ వీసా కంపెనీ పనికి, 20వ నంబర్ ఇంటిపనికి. అరబీ రాదని వదిలేయకండి, హైదరాబాద్‌లో ఉండి ఆ మాట అనడం బాగోదు. పాతబస్తీలో, బార్కాస్‌లో చదివి చెప్పేవాళ్లు బోలెడుమంది. 'ఆజాద్ వీసా, వెళ్లాక ఎక్కడైనా పని చేసుకోవచ్చు' అన్నారంటే మిమ్మల్ని ఖల్లివెల్లి, అంటే సరైన కాగితాలు లేకుండా దొంగచాటుగా పని చేసేవాళ్లను, చేయడానికే.

ఇక ఏజెంట్ సంగతి. లైసెన్స్ ఉన్నవాళ్ల పేర్లు కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉంటాయి. ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్) నంబర్ అడిగి అక్కడ కొట్టి చూడండి. 'మా సార్‌కి లైసెన్స్ ఉంది, నేను ఆయన మనిషిని' అనే సబ్ ఏజెంట్‌ను చట్టం గుర్తించదు, ఆయన మీ మేనమామ స్నేహితుడైనా సరే. అసలు ఏజెంట్ తీసుకోదగ్గ ఫీజు 30 వేలు, దానిపైన జీఎస్టీ. లక్షన్నర అడిగితే లెక్క మీకే తెలిసిపోతుంది. కట్టేదేదైనా బ్యాంకు ద్వారా కట్టండి, రసీదు తీసుకోండి.

పది పాసవ్వనివాళ్లకు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు వస్తుంది. దానిమీద గల్ఫ్, మలేషియా, థాయిలాండ్‌తో కలిపి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. 30 ఏళ్లు నిండని ఆడవాళ్లకైతే అది ఇవ్వరు. ఆ రూల్ తప్పించుకోవడానికే విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. 'శంషాబాద్‌లో ఆఫీసర్ అడిగితే టూర్‌కి వెళ్తున్నా అని చెప్పు' అని నేర్పుతున్నాడంటే, అక్కడి నుంచే వెనక్కి రండి. టికెట్ డబ్బులు పోతే పోయాయి. సరైన దారిలో వెళ్లాలనుకుంటే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. ఆలస్యమవుతుందని విసుక్కుంటారు, నిజమే అయినా అదే నయం.

ఎయిర్‌పోర్టులో 'మా వాళ్లకి ఇవ్వు' అని చేతిలో పెట్టే పార్సిల్ తీసుకోవద్దు. ఇంట్లో సర్దే సామానులోనూ గసగసాలు ఉండకూడదు. మన కూరల్లో వేసుకునే ఆ గింజలే యూఏఈలో, సౌదీలో నిషేధం, కేసు అవుతుంది.

విమానం ఎక్కే ముందే పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బోర్డింగ్ పాస్ ఫొటోలు, ఏజెంట్ నంబర్, అతనితో చేసిన చాటింగ్ ఇంట్లో ఒకరికి పంపండి. చెరలో పడ్డాక మొదట లాక్కునేది ఫోనే. ఒక గుర్తు మాట కూడా అనుకోండి. 'అమ్మమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి' అని అడిగితే కష్టంలో ఉన్నట్టు. పక్కన కాపలావాడు వింటున్నా అనుమానం రాదు.

కాగితాలు లేనివాళ్ల మీద ఈ ముఠాలకు ఆశ ఎక్కువ. బాలాపూర్‌లో ఉన్న రోహింగ్యా కుటుంబాలనే తీసుకోండి. ఐరాస శరణార్థి కార్డు పాస్‌పోర్టు కాదు, దానితో ఏ దేశానికీ ఉద్యోగానికి పంపలేరు. పంపుతామని ఎవరైనా వాళ్ల చుట్టూ తిరుగుతుంటే ఆ కుటుంబాలకు చెప్పి హెచ్చరించండి. పిల్లలను పనికి, పెళ్లికి తీసుకెళ్తున్నారని తెలిస్తే వెంటనే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఫోన్ రాకపోతే ఏజెంట్ 'రెండ్రోజులు ఆగండి, అక్కడ సిగ్నల్ లేదు' అంటాడు. ఆగకండి. విదేశాంగ శాఖ ప్రవాసీ హెల్ప్‌లైన్ 1800 11 3090కి చేయండి, మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, ఆ దేశంలోని మన ఎంబసీకి మెయిల్ చేయండి. అదేరోజు దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కు డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు పట్టుకుని వెళ్లండి. 'మీవాడు ఇష్టపడే వెళ్లాడు కదా' అని ఎవరైనా తీసిపారేస్తే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 143 చూపించండి. అక్రమ రవాణా కేసులో బాధితుడు ఒప్పుకున్నాడన్న సాకు చెల్లదని అందులోనే రాసి ఉంది.