ఎత్తు పెరిగేకొద్దీ ఔషధ మొక్కల గుణం మారుతుందా: పోల్చి చూసే పద్ధతి

ఎంత ఎత్తైన కొండపై పెరిగితే మూలికకు అంత గుణం ఉంటుందన్న మాట కొంతవరకే నిజం. సగటున ప్రతి 1000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది, అతినీలలోహిత కిరణాల తీవ్రత పెరుగుతుంది. ఈ ఒత్తిడిని తట్టుకోవడానికి చాలా మొక్కలు ఫ్లేవనాయిడ్ల వంటి ఫినాలిక్ పదార్థాలను (మొక్కకు రక్షణనిచ్చే ఒక తరగతి రసాయనాలను) ఎక్కువగా తయారుచేసుకుంటాయి. సుగంధ తైలాల సంగతి వేరు. గ్రీస్‌లోని అడవి ఒరెగానో అనే సుగంధ మూలికలో తైల శాతం తక్కువ ఎత్తున, వేడిగా, పొడిగా ఉండే చోట్లనే ఎక్కువగా కనిపించింది. అందువల్ల ఏ మొక్కలో, ఏ భాగంలో, ఏ పదార్థాన్ని కొలవబోతున్నామో ముందే నిర్ణయించుకోవాలి.

ఒకే కొండపై, ఒకే దిక్కుకు తిరిగిన వాలులో, కనీసం నాలుగైదు ఎత్తులను ఎంచుకోవాలి. రెండు ఎత్తులతో సరిపెట్టుకుంటే, కనిపించిన తేడా ఎత్తు వల్ల వచ్చిందో మట్టి వల్ల వచ్చిందో తేల్చలేము. ప్రతిచోటా ఒకే మొక్కపై ఆధారపడకుండా పలు మొక్కల నుంచి నమూనాలు తీసుకుని, అక్కడి నేల, నీడ, తేమ వివరాలను రాసిపెట్టుకోవాలి.

ఎక్కువ మంది పొరపడేది సేకరణ తేదీ విషయంలోనే. పైకి వెళ్లేకొద్దీ పూత ఆలస్యమవుతుంది కనుక, అన్ని ఎత్తులలోనూ ఒకే రోజున కోస్తే దిగువన ముదిరిన మొక్కను ఎగువన లేత మొక్కతో పోల్చినట్లవుతుంది. తేదీ వేరైనా సరే, ఎదుగుదల దశ ఒకటే కావాలి, కోసే వేళ కూడా ఒకటే కావాలి. అరుదైన జాతులైతే వేళ్లు తవ్వకుండా, అనుమతి తీసుకుని, ఆకులతోనే పని జరుపుకోవాలి.

నమూనాలన్నిటినీ నీడలో, 40 డిగ్రీలు మించని వేడిలో ఒకే విధంగా ఆరబెట్టి, ఫలితాలను ఎండిన నమూనా బరువుకే లెక్కించాలి. మొత్తం ఫినాలిక్ పదార్థాలను రంగు మార్పుతో కొలిచే ఫోలిన్-సియోకాల్టు పరీక్ష సులువైనదే గానీ, విటమిన్ సి కూడా దానికి స్పందిస్తుంది కనుక ఆ అంకెను తొలి అంచనాగానే చూడాలి. విడివిడి పదార్థాలకు హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్ర పద్ధతి) అవసరం.

ఇంత చేసినా వంశలక్షణమా, వాతావరణమా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి మార్గం ఒకే రకం మొక్కలను వేర్వేరు ఎత్తులలో పెంచడం. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ సమీపంలో 590 నుంచి 2230 మీటర్ల మధ్య ఆర్నికా అనే ఔషధ మొక్కను ఇలాగే పెంచినప్పుడు, ఎత్తుతోపాటు పూల ఫ్లేవనాయిడ్లలో క్వెర్సెటిన్ తరహావాటి వాటా పెరిగింది. వాపు తగ్గించే గుణానికి మూలమైన సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు అనే వేరే తరగతి పదార్థాలలో అలాంటి పెరుగుదల కనిపించలేదు. తరువాత నియంత్రిత గదుల్లో జరిపిన ప్రయోగాలు ఫ్లేవనాయిడ్లలోని ఆ మార్పుకు అతినీలలోహిత కిరణాల కన్నా చల్లదనమే ప్రధాన కారణమని చూపాయి. కనుక ప్రతి పెంపకం చోటా ఉష్ణోగ్రతను పంటకాలమంతా నమోదు చేయాలి.